చెక్ అంటే ఏ చెక్? అమెరికాకు కొత్తగా వచ్చినవారికి

చెక్ మనకు కొత్త మాటేం కాదు. గళ్ల చొక్కాను చెక్స్ చొక్కా అంటాం, ఊరి బయట చెక్‌పోస్టు ఉంటుంది, పేపరు తెరిస్తే 'ఇసుక దందాకు చెక్' అని హెడ్డింగు కనిపిస్తుంది. వీటన్నిటికీ మూలం చదరంగంలో రాజుకు పెట్టే చెక్కే. పారశీకంలో రాజును 'షా' అంటారు. ఆ మాట ఫ్రెంచి మీదుగా ఇంగ్లిషులో చేరి చెక్ అయింది. మొదట అడ్డుకోవడం, తర్వాత ఆపి చూడడం, ఆ తర్వాత సరిచూడడం, ఇలా అర్థాలు పెరుగుతూ పోయాయి. అమెరికాలో దిగాక పక్కన ఏ మాట ఉందో చూసుకుంటే తప్ప అది ఏ చెక్కో తెలియదు. కొన్నిచోట్ల పొరబడితే నవ్వి ఊరుకోవచ్చు, కొన్నిచోట్ల మాత్రం డాలర్లు పోతాయి.

రెస్టారెంట్లో మన బిల్లును ఇక్కడ చెక్ అంటారు. బిల్లు అన్నా వాళ్లకు అర్థమవుతుంది గానీ, 'ఫైవ్ డాలర్ బిల్' అంటే అయిదు డాలర్ల నోటు. నలుగురు కలిసి వెళ్లి ఎవరిది వాళ్లు ఇచ్చుకోవాలంటే, ఆర్డరిచ్చేటప్పుడే 'సెపరేట్ చెక్స్' అని చెప్పేయండి. కార్డు గీకాక వచ్చే రెండు కాగితాల్లో మర్చంట్ కాపీ మీద టిప్పు, మొత్తం రాసి, సంతకం పెట్టి అక్కడే వదలాలి. టిప్పు 15 నుంచి 20 శాతం మామూలు. ఎక్కువమంది వెళితే చాలాచోట్ల 'గ్రాట్యుటీ' పేరుతో ముందే కలిపేస్తారు. బిల్లులో ఆ వరుస చూడకపోతే టిప్పు రెండుసార్లు ఇచ్చినట్టే.

ఇక బ్యాంకు. స్పెల్లింగు మారినా ఇదీ మన చెక్కే, కానీ పద్ధతులు వేరు. 'చెకింగ్ అకౌంట్' అంటే ఏదో తనిఖీ ఖాతా కాదు. జీతం పడేది, అద్దె కట్టేది అందులోంచే. మన కరెంట్ అకౌంటులా వ్యాపారులకే పరిమితం కాదు. ఏటీఎం 'చెకింగా, సేవింగ్సా' అని అడిగితే మామూలుగా మొదటిదే నొక్కాలి.

ఉద్యోగంలో చేరగానే, జీతం నేరుగా ఖాతాలో వేయడానికి హెచ్ఆర్ వాళ్లు 'వాయిడెడ్ చెక్' అడుగుతారు. ఒక ఖాళీ చెక్కు మీద అడ్డంగా పెద్ద అక్షరాలతో వాయిడ్ అని రాసి ఇస్తే చాలు, సంతకం పెట్టొద్దు. వాళ్లకు కావలసింది కింది అంచున ఉండే అంకెలు: ఎడమవైపు 9 అంకెల రౌటింగ్ నంబరు, దాని పక్కన మీ ఖాతా నంబరు. ఐఎఫ్ఎస్‌సీ కోడ్ పనిని ఇక్కడ రౌటింగ్ నంబరు చేస్తుంది. చెక్కుబుక్కు ఇంకా రాకపోతే బ్యాంకు సైటులో డైరెక్ట్ డిపాజిట్ ఫారం దొరుకుతుంది, అది ప్రింటు తీసి ఇచ్చినా సరిపోతుంది.

చెక్కు రాసేటప్పుడు ముందు తేదీ చూసుకోండి. ఇక్కడ నెల ముందు, రోజు తర్వాత. మనలా 05/08 అని రాస్తే ఆగస్టు 5 కాస్తా మే 8 అవుతుంది. మొత్తాన్ని అక్షరాల్లో రాసేటప్పుడు చివర 'ఓన్లీ' అనరు, సెంట్లను వందకింద భిన్నంగా రాస్తారు: 1,250 డాలర్లకు 'వన్ థౌజండ్ టూ హండ్రెడ్ ఫిఫ్టీ అండ్ 00/100' అని, మిగిలిన ఖాళీలో గీత. అంకెలకూ అక్షరాలకూ పొంతన లేకపోతే అక్షరాలే చెల్లుతాయి. మూలన రెండు గీతలు గీసి 'అకౌంట్ పేయీ' అని రాసే అలవాటు ఇక్కడ లేదు. దానికి బదులు చెక్కు అందుకున్నవాళ్లు వెనక సంతకం పెట్టి 'ఫర్ డిపాజిట్ ఓన్లీ' అని రాస్తారు. ఫోన్లో ఫొటో తీసి వేసేటప్పుడు 'ఫర్ మొబైల్ డిపాజిట్ ఓన్లీ' అని. డబ్బు పూర్తిగా జమ అయ్యేదాకా ఆ కాగితం చించేయకండి.

ఇండియాలో చెక్కు గడువు మూడు నెలలు, ఇక్కడ మామూలుగా ఆరు. రాబోయే తేదీ వేసి ఇస్తే ఆ తేదీ దాకా ఆగుతారనుకోవద్దు. మీరు బ్యాంకుకు ముందుగా నోటీసిస్తే తప్ప, ఎప్పుడు తెచ్చినా డబ్బు ఇచ్చేయొచ్చు. అద్దె డిపాజిట్లకు చాలామంది ఇళ్లవాళ్లు మామూలు చెక్కు ఒప్పుకోరు, 'కాషియర్స్ చెక్' తెమ్మంటారు. అది మన డీడీకి దగ్గర: బ్యాంకు ముందే మీ ఖాతాలోంచి డబ్బు తీసుకుని తన సొంత చెక్కుగా రాసిస్తుంది. చిన్న మొత్తాలకు పోస్టాఫీసు మనీ ఆర్డర్ ఉంది. ఒక్కోటి 1,000 డాలర్ల వరకే.

విద్యార్థులు ముఖ్యంగా ఒకటి గమనించాలి. మీరు పాత సోఫా అమ్మకానికి పెడతారు, లేదా ఇంటి నుంచే పని అని ఈమెయిల్ వస్తుంది. అవతలివాళ్లు అడిగినదానికంటే ఎక్కువకి చెక్కు పంపి, మిగతాది జెల్‌లోనో (ఇది ఫోన్లోంచి ఖాతా నుంచి ఖాతాకు డబ్బు పంపే పద్ధతి) గిఫ్టు కార్డులుగానో తిరిగి పంపమంటారు. రెండు రోజుల్లో ఖాతాలో డబ్బు కనిపిస్తుంది కాబట్టి నమ్మేస్తారు. అయితే చట్టప్రకారం బ్యాంకు త్వరగా వాడుకోనివ్వాలి గనుక అది కనిపిస్తుందంతే, చెక్కు నిజంగా చెల్లినట్టు కాదు. దొంగదని కొన్ని వారాల తర్వాత తేలుతుంది. అప్పుడు మొత్తం మీ ఖాతాలోంచి వెనక్కి లాగేస్తారు, మీరు పంపిన సొమ్ము మాత్రం రాదు. కాషియర్స్ చెక్కుల్లోనూ నకిలీలు ఉంటాయి. ఎక్కువ ఇచ్చి తిరిగిమ్మనేవాడు ఎవడైనా మోసగాడే అనుకోండి, మొహమాటపడకండి.

'క్రెడిట్ చెక్' అంటే మీ అప్పుల చరిత్ర చూడడం. అది రెండు రకాలు. మీరు స్కోరు చూసుకోవడం సాఫ్ట్, దానితో నష్టం లేదు. కార్డుకో కారు అప్పుకో దరఖాస్తు పెడితే హార్డ్. అది రిపోర్టులో రెండేళ్లు ఉంటుంది. చరిత్ర లేని కొత్తవాళ్లు ఒకే నెలలో నాలుగైదు కార్డులకు అప్లై చేయడం తెలివితక్కువ పని. ఉద్యోగానికి చేసే 'బ్యాక్‌గ్రౌండ్ చెక్'ను బయటి సంస్థ చేత చేయిస్తే, ముందు మీ రాతపూర్వక అనుమతి ఉండాలి. ఆ రిపోర్టు చూసి తిరస్కరించే ముందు మీకు దాని కాపీ ఇవ్వాలి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉండడంతో మన పేర్లు తికమక అవుతుంటాయి కాబట్టి ఆ కాపీ చదవండి.

విమానాశ్రయంలో 'చెక్డ్ బ్యాగ్' అంటే తనిఖీ అయిన పెట్టె కాదు, విమానం పొట్టలో వేసే లగేజీ. ఎకానమీలో సాధారణంగా ఒక్కోటి 23 కిలోలు. డాలస్‌కు ట్యాగ్ వేసినా, షికాగోలో దిగి మారుతుంటే మామూలుగా అక్కడే పెట్టెలు తీసుకుని, కస్టమ్స్ దాటించి, మళ్లీ బెల్టు మీద పెట్టాలి. అబుదాబిలో అమెరికా ఇమిగ్రేషన్ ముందే పూర్తయితే ఈ తిప్పలు ఉండవు.

కారు డ్యాష్‌బోర్డు మీద 'చెక్ ఇంజిన్' లైటు నిలకడగా వెలిగితే కంగారు అక్కర్లేదు. ఒక్కోసారి పెట్రోలు మూత బిగించకపోయినా వెలుగుతుంది. మూత బిగించండి, తగ్గకపోతే కొన్ని రోజుల్లో చూపించండి. అదే కొట్టుకుంటూ వెలిగితే ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతోందని అర్థం. కాలని పెట్రోలు, పొగను శుభ్రం చేసే కాటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి దాన్ని పాడుచేస్తుంది, అది ఖరీదైన భాగం. వేగం తగ్గించి పక్కకు ఆపండి.

ఆఫీసులో 'చెక్ విత్ హర్' అంటే ఆమెను అడుగు, 'చెక్ ఆన్ హర్' అంటే ఆమె ఎలా ఉందో కనుక్కో. మేనేజరు 'క్విక్ చెక్-ఇన్' పెడితే విచారణ కాదు, పని ఎంతవరకు వచ్చిందో అయిదు నిమిషాలు మాట్లాడదామని. మనవాళ్లు మెయిల్లో రాసే 'కైండ్లీ చెక్ అండ్ రివర్ట్' మాత్రం మానేయాలి. ఇక్కడ రివర్ట్ అంటే జవాబివ్వడం కాదు, చేసినదాన్ని వెనక్కి తిప్పేయడం. సాఫ్ట్‌వేర్ టీములో ఆ మాట చదివి, మీ కోడ్‌ను నిజంగానే తీసేసేవాళ్లుంటారు. 'లెట్ మీ నో' అని రాస్తే గొడవే లేదు. భోజనానికి పిలిస్తే 'రెయిన్ చెక్' అన్నవాళ్లు ఇంకోసారి వస్తామంటున్నారు, ఆ పూటకు వాళ్లకోసం వండకండి.