ఎమ్మారై పల్సును మా ఎఫ్‌పీజీఏ బోర్డు ఇవ్వగలదా?

ప్రశ్న: ఎమ్మారై స్కానరులో వాడే రేడియో పల్సును ఎఫ్‌పీజీఏతో (లోపలి సర్క్యూటును మనమే నిర్ణయించుకోగల చిప్పు) తయారుచేయడం మా ప్రాజెక్టు. కళాశాలలోని బోర్డు క్లాకు 125 మెగాహెర్ట్జ్. 1.5 టెస్లా యంత్రానికి కావలసిన సిగ్నలును దానితో నేరుగా పుట్టించవచ్చునా? ఈ పనికి మైక్రోకంట్రోలర్ ఎందుకు చాలదు?
– ఇంజినీరింగ్ విద్యార్థి, కూకట్‌పల్లి, హైదరాబాదు

జవాబు: నేరుగా వీలుకాదు, అదీ కొద్ది తేడాతోనే. హైడ్రోజన్ కేంద్రకాలు ఒక టెస్లా క్షేత్రంలో 42.58 మెగాహెర్ట్జ్ వద్ద స్పందిస్తాయి కాబట్టి 1.5 టెస్లా దగ్గర మీకు 63.87 మెగాహెర్ట్జ్ కావాలి. మీ క్లాకుతో సెకనుకు 12.5 కోట్ల శాంపిళ్లు ఇచ్చే కన్వర్టరు (అంకెలను వోల్టేజీగా మార్చేది) నేరుగా ఇవ్వగలిగేది అందులో సగం లోపు, అంటే 62.5 మెగాహెర్ట్జ్ వరకే. బోర్డును 61.13 వద్ద నడిపితే దాని ప్రతిబింబం 63.87 వద్ద కనిపిస్తుందన్న మాట నిజమే గాని, రెండింటి మధ్య ఎడం 2.7 మెగాహెర్ట్జ్ మాత్రమే కావడం వల్ల వాటిని విడదీసే ఫిల్టరును తయారుచేయడమే మరొక ప్రాజెక్టు అవుతుంది. తక్కువ ఫ్రీక్వెన్సీలో పల్సును రూపొందించి మిక్సరుతో (ఫ్రీక్వెన్సీని మార్చే సర్క్యూటు) పైకి మార్చడం ఒక దారి. అంతకంటె 0.05 టెస్లా చిన్న అయస్కాంతానికి సరిపడే 2.13 మెగాహెర్ట్జ్‌ను ఎంచుకోవడం మేలని నా అభిప్రాయం. దానికి మీ బోర్డు పుష్కలంగా సరిపోతుంది.

ఎఫ్‌పీజీఏను వాడేది వేగం కోసమేనని చాలామంది అనుకుంటారు. అసలు కారణం కాలనియమం. ఇంటరప్టు (చేస్తున్న పని ఆపి వేరే పని చూడమనే పిలుపు) వచ్చినప్పుడల్లా మైక్రోకంట్రోలర్‌లోని ప్రోగ్రాము కొంత అటూఇటూ జరుగుతుంది. ఎఫ్‌పీజీఏలో మాత్రం ప్రతి క్లాకు టిక్కుకు ఏమి జరగాలో సర్క్యూటులోనే నిర్ణయమై ఉంటుంది. అందులో తరంగం తన ఆవృత్తిలో ఎక్కడ ఉందో (దీన్నే ఫేజ్ అంటారు) లెక్కపెట్టే 32 బిట్ల ఫేజ్ అక్యుములేటరు ప్రతి టిక్కుకూ ఒక స్థిరసంఖ్యను కూడుకుంటూ పోతుంది, ఆ మొత్తంలోని పై బిట్లను బట్టి సైను పట్టికలోని విలువ కన్వర్టరుకు చేరుతుంది. ఆ సంఖ్యను ఒకటి పెంచితే ఫ్రీక్వెన్సీ 0.029 హెర్ట్జ్ మారుతుంది.

ఈ తరంగాన్ని సింక్ ఆకారపు (మధ్యలో ఎత్తుగా ఉండి ఇరువైపులా అలలుగా తగ్గే) ఎన్వలప్‌తో గుణిస్తే పల్సు తయారవుతుంది. గ్రేడియంటు (దూరంతో పాటు అయస్కాంత క్షేత్రం మారే రేటు) మీటరుకు 10 మిల్లీటెస్లా ఉన్నప్పుడు ఒక్కొక్క మిల్లీమీటరుకు ఫ్రీక్వెన్సీ 426 హెర్ట్జ్ చొప్పున మారుతుంది గనుక, 5 మిల్లీమీటర్ల పొరను మాత్రమే ఉత్తేజపరచాలంటే పల్సు బ్యాండ్‌విడ్త్ (అందులోని ఫ్రీక్వెన్సీల వెడల్పు) సుమారు 2.1 కిలోహెర్ట్జ్ ఉండాలి.

విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఫేజ్ దగ్గర. పంపే భాగానికీ అందుకునే భాగానికీ క్లాకు ఒకటే కావాలి. పల్సు ఆగినా అక్యుములేటరును ఆపకుండా నడవనివ్వాలి. ఒక్కొక్క పల్సుకు ఫేజ్ ఒక్కొక్క తీరుగా ఉంటే చిత్రంలో అసలు అవయవం పక్కన దాని నీడలు పడతాయి, ఆ తరువాత ఎంత మంచి సాఫ్ట్‌వేరు ఉన్నా వాటిని పూర్తిగా తుడవడం కష్టం.

పరీక్షించేటప్పుడు అవుట్‌పుట్‌ను యాంటెన్నాకు కలపవద్దు. కోఠి గుజరాతీ గల్లీలో 100 ఓముల కార్బన్ రెసిస్టర్లు రెండు కొని సమాంతరంగా కలిపితే, 2 మెగాహెర్ట్జ్ పనికి 50 ఓముల లోడు సిద్ధమవుతుంది. దానిమీద ఆసిలోస్కోపుతో చూడండి. ఆసుపత్రి స్కానర్లలో ఈ సిగ్నలును కిలోవాట్ల స్థాయికి పెంచుతారు, అది శరీరాన్ని వేడెక్కిస్తుంది కాబట్టే మామూలు స్కానింగులో శరీరం మొత్తానికి కిలోకు సగటున 2 వాట్లు మించరాదని పరిమితి పెట్టారు. ఆంప్లిఫయరు జోలికి వెళ్లకుండానే మీ ప్రాజెక్టు పూర్తవుతుంది.