గిటార్ అలవాటైన చేతితో లూట్ మీటడం

అయిదేళ్లుగా సరదాకు గిటార్ వాయిస్తున్నానని, ఈమధ్యే లూట్ (వేళ్లతో మీటే పాత ఐరోపా తీగవాద్యం) పట్టానని, ఎంత ప్రయత్నించినా శబ్దం పలచగా, గరగరమంటూ వస్తోందని, కుడిచేతి పద్ధతి మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలా అని అడిగారు. కుడిచేతి వరకు నేర్చుకోవలసిందే. ఎడమచేతికి తెలిసిన విద్య మాత్రం చాలావరకు పనికొస్తుంది.

నేను పన్నెండేళ్లు నైలాన్ తీగల గిటార్ వాయించాక, జర్మనీలో ఉద్యోగం చేస్తున్న రోజుల్లో ఒక లూట్ అద్దెకు తెచ్చుకున్నాను. ఆరు వరుసలు, 11 తీగలు. మొదటిది ఒంటి తీగ, మిగిలినవన్నీ జంటలు. నాకు వచ్చిన శబ్దం కూడా మీరు చెప్పినట్లే ఉండేది. కారణం నా గోళ్లు. గోరు జంటలో ఒక తీగనే పట్టుకుంటుంది, రెండోది మూగగా ఉండిపోతుంది, లేదా ఒక క్షణం ఆలస్యంగా పలుకుతుంది. గోళ్లు పూర్తిగా కత్తిరించిన రోజున మొదటిసారి రెండు తీగలూ ఒకే గొంతుతో పలికాయి. గోళ్లు లేకపోతే గిటార్ పోతుందేమోనని బెంగ వద్దు. గిటార్ విద్వాంసుడు ఫెర్నాండో సోర్ అంతటివాడు గోళ్లు లేకుండానే గిటార్ వాయించాడు.

ఇక మీటడం. వేలి కొనలోని మెత్తటి భాగాన్ని రెండు తీగల మీదా ఆనించండి. కొద్దిగా పలక (తీగల కింది చెక్క) వైపు నొక్కి వదిలేయండి. గిటార్ మీద చేసినట్లు తీగను అరచేతిలోకి లాగవద్దు. లూట్ తీగల బిగువు తక్కువ, పలక చాలా పలచన. బలం పెట్టేకొద్దీ శబ్దం చెడుతుంది.

బొటనవేలి సంగతే నాకు ఎక్కువ కాలం పట్టింది. గిటార్‌లో అది మిగతా వేళ్లకు ముందు, బయట ఉంటుంది. 16వ శతాబ్దపు లూట్ పద్ధతిలో లోపల ఉంటుంది: ముంజేయి తీగల వెంట దాదాపు సమాంతరంగా వస్తుంది, చిటికెనవేలు పలక మీద తేలికగా ఆనుతుంది, బొటనవేలు కిందికి మీటి చూపుడువేలి కిందుగా అరచేతిలోకి వెళ్తుంది. చూపుడువేలు పైకి మీటుతుంది. అంతకుముందు లూట్‌ను ఈకతో మీటేవారు. ఆ కింది, పై దెబ్బల జాడే ఇది. 1507లో వెనిస్‌లో పెట్రుచ్చి అచ్చువేసిన లూట్ పుస్తకాలలోనే ఈ గుర్తు ఉంది: ఏ ఫ్రెట్ నొక్కాలో చెప్పే అంకె కింద చుక్క లేకపోతే కిందికి, చుక్క ఉంటే పైకి. (మా అక్క వీణ వాయిస్తుంది. చూపుడు, మధ్యవేళ్లు రెండూ కిందికే మీటే చేయి ఆమెది, అందుకని ఈ చుక్కలు చూసి చాలా ఆశ్చర్యపోయింది.)

బొటనవేలి దెబ్బ సహజంగానే బరువు, చూపుడువేలిది తేలిక. ఆ తేడాను చెరిపేయకండి. గిటార్‌లో అన్ని స్వరాలూ సమానంగా పలకాలని మనం ఏళ్ల తరబడి సాధన చేస్తాం. ఇక్కడ బరువు, తేలిక, బరువు, తేలిక అని నడిస్తేనే రాగం మాట్లాడినట్లుంటుంది. నేను రోజుకు పదిహేను నిమిషాలు ఒకే జంట మీద ఈ రెండు దెబ్బలే వేశాను. వేళ్లతో కాకుండా ముంజేతిని చిన్నగా ఊపుతూ వేయండి. ఆరో వారానికి గాని నా భుజం బిగువు వదలలేదు.

1600 ప్రాంతంలో బొటనవేలిని బయటికి చాపే పద్ధతి వచ్చింది. బాస్ తీగలు పెరిగినప్పుడు అది సుఖం. మీ లూట్‌కు పది వరుసలుంటే నేరుగా అదే నేర్చుకోవచ్చు, గిటార్ చేతికి అది దగ్గర కూడా. ఆరు, ఏడు వరుసలదైతే లోపలి పద్ధతితోనే మొదలుపెట్టండి.

లూట్ దగ్గర లేని రోజుల్లో గిటార్ మూడో తీగను అర స్వరం దించి, మూడో ఫ్రెట్ మీద కేపో (తీగలన్నిటినీ ఒకేసారి నొక్కి పట్టే బిగింపు) పెట్టండి. సరిగ్గా లూట్ శ్రుతి వస్తుంది, పాత లూట్ ట్యాబ్‌లు (ఏ తీగను ఏ ఫ్రెట్ దగ్గర నొక్కాలో చూపే రాతలు) ఉన్నవి ఉన్నట్లు చదవవచ్చు. నేను ప్రయాణాల్లో అలాగే చేస్తాను. అయితే కుడిచేతి సాధన మాత్రం జంట తీగల మీదే చేయండి.