సిమ్ ఎవరి పేరున ఉందమ్మా?

ప్రశ్న: నాకు 24 ఏళ్లు, ఉద్యోగం చేస్తున్నాను. జీతం నా ఖాతాలోనే పడుతుంది కానీ ఏటీఎం కార్డు నాన్న దగ్గర ఉంటుంది. నేను ఎక్కడున్నానో చూసుకోవడానికి నా ఫోనులో ఒక యాప్ పెట్టారు. ఇప్పుడు పదోన్నతి మీద వేరే నగరానికి వెళ్లే అవకాశం వచ్చింది. హాస్టల్లో ఉంటానంటే నాన్న ఒప్పుకోక, నా సర్టిఫికెట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశారు. కాదని వెళ్తే పోలీసులతో వెనక్కి రప్పిస్తానని, ఆస్తిలో చిల్లిగవ్వ ఇవ్వనని అంటున్నారు. ‘నిన్ను ఎప్పుడైనా కొట్టానా? రోజూ ఆఫీసుకు వెళ్లి వస్తూనే ఉన్నావుగా, ఇంకా ఏ స్వేచ్ఛ కావాలి?’ అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. చట్టం దగ్గర ఉందా?
- ఒక పాఠకురాలు

జవాబు: ఉందమ్మా. మీ నాన్నగారి ప్రశ్నకు 1962లోనే ఒక తెలుగు న్యాయమూర్తి జవాబు రాసి పెట్టారు. దాని సంగతి తర్వాత. ముందు మిమ్మల్ని భయపెడుతున్న పోలీసుల విషయం తేల్చుకుందాం.

మన దేశంలో 18 ఏళ్లు నిండితే మేజరు. ఎక్కడ ఉండాలో, ఏ పని చేయాలో, ఎవరితో బతకాలో ఆ రోజు నుంచి నిర్ణయం మీది. ఆడపిల్ల పెళ్లయ్యే దాకా తండ్రి చాటున ఉండాలన్నది ఆచారంలో వినిపించే మాట, చట్టంలో ఎంత వెతికినా దొరకదు. మీ నాన్నగారు ఫిర్యాదు ఇస్తే పోలీసులు అదృశ్యం కేసు కట్టి వెతుకుతారు. అది వారి విధి, తప్పు పట్టలేం. అయితే మీరు కనిపించాక ‘నా ఇష్టంతోనే వచ్చాను, ఫలానా చోట ఉద్యోగం చేసుకుంటున్నాను’ అని వాంగ్మూలం ఇస్తే ఆ కేసులో ఇక మిగిలేది ఏమీ ఉండదు. మిమ్మల్ని జీపెక్కించి తండ్రికి అప్పగించే అధికారం ఏ స్టేషన్‌కూ లేదు. కొందరు అధికారులు పెద్దమనుషుల అవతారమెత్తి, సాయంత్రం దాకా కూర్చోబెట్టి బుద్ధులు చెబుతారన్నది నిజమే. అందుకే వెళ్లే ముందు ఒక ఉత్తరం రాయండి. మీ వయసు, ఉద్యోగం, బయలుదేరే తేదీ, ఎవరి బలవంతమూ లేదన్న మాట, అంతే చాలు. ఇప్పుడున్న ప్రాంతపు స్టేషన్‌కు ఒకటి, వెళ్లబోయే చోటి స్టేషన్‌కు ఒకటి స్పీడ్ పోస్టులో పంపి రసీదులు దాచుకోండి.

గదిలో పెట్టి తాళం వేసే దాకా వస్తే అది భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అక్రమ నిర్బంధం. ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మిమ్మల్ని వెతికి తీసుకురమ్మని మేజిస్ట్రేట్ వారెంటు ఇవ్వవచ్చు. మీ తరఫున స్నేహితురాలైనా హైకోర్టులో హెబియస్ కార్పస్ పిటిషన్, అంటే నిర్బంధంలో ఉన్న మనిషిని కోర్టు ముందుకు తీసుకురమ్మని కోరే పిటిషన్ వేయవచ్చు.

అలాంటి ఒక పిటిషన్ నేను వాదించాను. ‘మా అమ్మాయి పసిపిల్ల, లోకజ్ఞానం లేదు’ అని తండ్రి ప్రమాణపత్రం దాఖలు చేశారు. దానికి జత చేసిన పదో తరగతి మార్కుల జాబితాలోని పుట్టిన తేదీని లెక్కేస్తే ఆ పిల్లకు 19 ఏళ్ల 8 నెలలు! న్యాయమూర్తి అమ్మాయిని ఒంటరిగా ఛాంబర్‌లోకి పిలిచారు. తల్లి అన్నం క్యారియరు ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది. పది నిమిషాల్లో తలుపు తెరుచుకుంది. ఉత్తర్వు నాలుగు వాక్యాలు. మేజరైన యువతి తన ఇష్టమొచ్చిన చోటికి వెళ్లవచ్చు. అమ్మాయి హాస్టల్‌కే వెళ్లింది, వెళ్తూ క్యారియరు తీసుకుంది.

ఇక మీ నాన్నగారి ప్రశ్న. ఖరక్ సింగ్ అనే ఆయన మీద 1941లో దోపిడీ కేసు పెట్టి, సాక్ష్యం లేక వదిలేశారు. పోలీసులు మాత్రం ఆయన పేరిట హిస్టరీ షీటు (నిఘా పెట్టాల్సినవారి రికార్డు) తెరిచి, అర్ధరాత్రి తలుపు తట్టి ఉన్నాడా లేడా అని చూసేవారు, ఎక్కడికి వెళ్లినా కనిపెట్టేవారు. సుప్రీంకోర్టులో మెజారిటీ న్యాయమూర్తులు రాత్రిపూట తలుపు తట్టడం తప్పన్నారు, కనిపెట్టి ఉండటంలో తప్పు లేదన్నారు. నేను మొదట చెప్పిన తెలుగు న్యాయమూర్తి, జస్టిస్ కోకా సుబ్బారావు ఒప్పుకోలేదు. అడుగడుగునా ఒకరి చూపు వెంటాడుతుంటే కాళ్లు కదలవచ్చు గానీ ఆ నడక స్వేచ్ఛగా నడిచే నడక కాదన్నది ఆయన భిన్నాభిప్రాయపు సారం. వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత కూడా భాగమన్నారు. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత ప్రాథమిక హక్కేనని తేల్చినప్పుడు ఆయన మాటే నిలిచింది.

ఖరక్ సింగ్ కేసు పోలీసుల గురించి, మీ నాన్నగారు పోలీసు కారు, నిజమే. కానీ ‘రోజూ ఆఫీసుకు వెళ్తున్నావుగా’ అన్న మాటలోని లొసుగు అదే. వెళ్లనివ్వడం అనుమతి, స్వేచ్ఛ కాదు. అనుమతి ఇచ్చినవారు ఎప్పుడైనా వెనక్కి తీసుకోవచ్చు. పదోన్నతి రాగానే మీ విషయంలో జరిగింది అదే కదా!

‘కొట్టానా’ అన్నదానికి 2005 నాటి గృహహింస చట్టం సమాధానం చెబుతుంది. హింస అంటే దెబ్బలే కాదు, మానసికంగా, ఆర్థికంగా వేధించడం కూడా అంటుంది 3వ సెక్షన్. ఇది కోడళ్ల కోసం మాత్రమే అనుకుంటారు గానీ, ఒకే ఇంట్లో ఉండే కూతురికీ వర్తిస్తుంది. మీకు చెందిన వస్తువులను, విలువైన పత్రాలను తిరిగి ఇవ్వమని మేజిస్ట్రేట్ ఆదేశించవచ్చు. బీరువాలోని సర్టిఫికెట్ల కోసం ఆ దారి పట్టవచ్చు. ఈలోగా మీ బోర్డు, విశ్వవిద్యాలయం డిజీలాకర్‌లో (పత్రాలు దాచుకునే ప్రభుత్వ ఆన్‌లైన్ సేవ) జారీ చేసిన ప్రతులుంటే చట్టం దృష్టిలో అవి అసలు పత్రాలతో సమానం. సర్టిఫికెట్లు పోయాయని ఫిర్యాదు ఇచ్చి డూప్లికేట్లు తెచ్చుకోమని ఎవరైనా చెబితే మాత్రం వినకండి. అబద్ధపు ఫిర్యాదుతో ఇరుక్కునేది మీరే.

ఇంత చెప్పాక, మీరు రాయని ఒక సంగతి అడుగుతాను. మీ ఫోనులోని సిమ్ ఎవరి పేరున ఉంది? ఇలాంటి సమస్యతో వచ్చేవారిని నేను మొదట అడిగేది ఇదే. చాలామంది ఒక క్షణం ఆగి, నాన్న పేరునే అంటారు. అంటే జీతం మీది, ఓటీపీ ఆయనది. ఆ నంబరు ఆయన ఎప్పుడైనా ఆపించవచ్చు, డూప్లికేట్ సిమ్ తీసుకోవచ్చు. కాబట్టి కోర్టుల గురించి ఆలోచించే ముందు మీ ఆధార్‌తో కొత్త సిమ్ తీసుకోండి. బ్యాంకు శాఖకు స్వయంగా వెళ్లి నంబరు మార్పించి, పాత కార్డు ఆపించి కొత్తది అడగండి. ఖాతా మీ ఒక్కరి పేరునే ఉంటే ఇంకెవరి సంతకమూ అక్కర్లేదు. యాప్ తీసేయడానికీ ఎవరి అనుమతీ వద్దు, ఫోను మీదైతే.

ఆస్తి మాట. ఆయన స్వార్జితం ఎవరికి రాసుకున్నా ఆయన ఇష్టం. మీరు కోరుకుంటున్న స్వేచ్ఛే అది, ఆయనకూ ఉంటుంది. మీరు హిందూ వారసత్వ చట్టం పరిధిలోకి వచ్చేవారైతే, పిత్రార్జితంలో 2005 సవరణ ఇచ్చిన వాటా మాత్రం హాస్టల్‌కు వెళ్లినంత మాత్రాన పోదు.

వకీలు ఫీజుకు జంకకండి. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. కొత్త సిమ్ నుంచి.