సమాధానం: ఏవీఎంకి ఆపరేషనా, గామా నైఫా?

అన్నా, మీ తమ్ముడికి ఫిట్స్ వచ్చి ఎమ్మారైలో 2.5 సెంటీమీటర్ల ఏవీఎం (మెదడులో ధమనులు, సిరలు నేరుగా కలిసిపోయిన రక్తనాళాల చిక్కు) కనబడిందని, ఒక డాక్టరు ఆపరేషన్ అంటే ఇంకొకరు గామా నైఫ్ (కోత లేకుండా రేడియేషన్ కిరణాలు గురిపెట్టే వైద్యం) అన్నారని రాశారు. ఇద్దరిదీ తప్పని అనలేం.

ముందు డీఎస్ఏ అయిందా? తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్న గొట్టం పంపి తీసే యాంజియోగ్రామ్. అది చూడకుండా ఏదీ ఖాయం చేసుకోకండి. సైజెంత, మాట, కదలికల భాగంలో ఉందా, రక్తం లోపలి సిరల్లోకి పోతోందా అన్నవి చూసి స్పెట్జ్లర్-మార్టిన్ గ్రేడ్ వేస్తారు, అంటే ఆపరేషన్ ఎంత కష్టమో చెప్పే 1 నుంచి 5 దాకా లెక్క. 1, 2 వస్తే ఆపరేషన్‌తో మొత్తం తీసేసే అవకాశం బాగా ఎక్కువ. గామా నైఫ్‌కి పుర్రె తెరవక్కర్లేదు గానీ, ఆ నాళాల చిక్కు మూసుకోవడానికి రెండు మూడేళ్లు పడుతుంది. అప్పటిదాకా రక్తస్రావం భయం అలాగే ఉంటుంది, ఈ సంగతి చాలామంది అడగరు. నాళాల్లోకి జిగురు ఎక్కించి మూసే ఎంబొలైజేషన్ ఎక్కువగా ఈ రెండింటికీ తోడుగానే.

పగలని ఏవీఎంకి మందులే మేలని 2014లో వచ్చిన అరూబా అధ్యయనం తేల్చింది. కానీ అది రోగుల్ని సగటున 33 నెలలు గమనించి చెప్పిన లెక్క, కుర్రాడి విషయంలో నాకది చాలదు.

ఆ స్కాన్ల సీడీ బెంగళూరులోని మెదడు, నరాల ఆస్పత్రి నిమ్హాన్స్‌లో చూపించండి, ఈ వైద్యాలన్నీ అక్కడున్నాయి. ఫిట్స్ మాత్రలు ఆపొద్దు, బండి తాళం ఇవ్వొద్దు. ఉన్నట్టుండి తల పగిలేంత నొప్పొస్తే నేరుగా ఎమర్జెన్సీకే.