పెసరట్టు అడగలేకపోయిన బాబు

విజయనగరం

చిరంజీవి సౌభాగ్యవతి అయిన అమ్మాయిని పెద్దమ్మ ఆశీర్వదించి వ్రాయునది.

బాబును బడిలో పిల్లలు "నత్తోడా" అని ఏడిపిస్తున్నారనీ, వాడు పొద్దున్నే కడుపునొప్పి అంటూ బడి మానేస్తున్నాడనీ నువ్వు ఫోనులో చెప్పినప్పటి నుంచి, మొన్న సిరిమానోత్సవానికి మీరు వచ్చిననాటి సంగతే నాకు గుర్తుకు వస్తోంది. హోటల్లో వాడు పెసరట్టు అడగబోయి, "పె" దగ్గర పెదవులు బిగుసుకుపోగా, సర్వరు ముఖం చూసి చటుక్కున "ఇడ్లీ" అన్నాడు. వాడికి ఇడ్లీ సయించదని మనకు తెలుసు. నోటికి రాని మాటను వదిలి వచ్చే మాటతో సరిపెట్టుకోవడం నత్తి ఉన్న పిల్లలు చాలామంది చేసే పనే. అందుకే వాళ్ల కష్టం పైకి కనిపించేదానికంటే పెద్దది.

బడి కంటే ముందు ఇంటి సంగతి చెబుతాను, కోపగించుకోకు. ఆ రోజు "నెమ్మదిగా చెప్పు నాన్నా" అని నువ్వూ, వాడి మాట తానే పూర్తిచేసి అల్లుడుగారూ ప్రేమతోనే అడ్డుపడ్డారు. పంతులమ్మగా నేనూ ఒక పిల్లవాడి మాటలు అలాగే పూర్తిచేసేదాన్ని. ఏడాది చివరికి వాడు తరగతిలో చెయ్యెత్తడమే మానేశాడు. బాబు ఆగినప్పుడు మీరూ ఆగండి, వాడు చెప్పిన తీరుకు కాక చెప్పిన సంగతికి జవాబివ్వండి. పెళ్లిళ్లలో వాడి చేత పద్యం చెప్పించి నవ్వే మేనమామలను నువ్వే గట్టిగా ఆపాలి. నాలుకకు వస రాయడం, నోట్లో గులకరాళ్లు పెట్టి మాట్లాడించడం వద్దు. నత్తి భయం వల్ల పుట్టేది కాదు, తరచుగా వంశంలో వచ్చేది. మా నాన్నగారికీ ఉండేది, ఆ మాట వాడికి చెప్పు. చిన్నతనంలో నూటికి ఐదుగురికి వచ్చి చాలామందికి దానంతట అదే పోతుంది గానీ, ఎనిమిదేళ్లకూ ఉన్నదంటే స్పీచ్ థెరపిస్టుకు చూపించవలసిందే. శ్రీకాకుళం ప్రభుత్వ ఆసుపత్రిలో చెవి, ముక్కు, గొంతు డాక్టరును ముందుగా అడగండి.

బడిలో వాడికి అసలు గండం హాజరు పిలిచే వేళ. "ప్రెజెంట్ మేడమ్" అనలేక తడబడగానే వెనక బెంచీ నుంచి "ప్రె, ప్రె" అని వెక్కిరింత మొదలవుతుందన్నావు కదా. పిల్లలు లేని సమయంలో టీచరును కలిసి, హాజరు వాడికి వీలైన మాటతో చెప్పనివ్వమనీ, నలుగురూ కలిసి చదివేటప్పుడూ పాడేటప్పుడూ నత్తి చాలావరకు కనిపించదు గనుక పాఠం ఇంకొకరితో జతగా చదివించమనీ అడుగు. అయితే ఇవన్నీ ముందు వాడిని అడిగి, వాడు సరేనన్నాకే చెయ్యి. వెక్కిరించిన పిల్లల ఇళ్లకు పోయి గొడవ పెట్టకు. "అమ్మకు చెప్పాడు" అనే పేరు నత్తి కంటే బరువు. కొట్టడం దాకా వచ్చినా, టీచరే నవ్వినా మాత్రం ప్రధానోపాధ్యాయుడికి కాగితం మీద రాసి ఇవ్వండి. బడిలో పిల్లలను మానసికంగా వేధించడాన్ని 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది.

ఒక జవాబు మాత్రం ఇంట్లో సాధన చేయించు: "అవును, నాకు నత్తి ఉంది, కాసేపు ఆగు." ఏడుపో కోపమో చూడాలని వెక్కిరించేవాడికి ఆ రెండూ దొరకకపోతే ఉత్సాహం చల్లబడుతుంది. ఆ మాటలను కూడా వాడే ఎంచుకోవాలి, ఏ అక్షరం దగ్గర ఆగిపోతాడో వాడికే కదా తెలిసేది. ఆటోలో కలిసి వెళ్లే పక్కింటి గుంటడిని ఆదివారాలు ఇంటికి పిలు. పక్కన ఒక్కడు నిలబడితే వెక్కిరించేవాళ్లకు జంకు ఉంటుంది.

సంక్రాంతికి వచ్చినప్పుడు మళ్లీ ఆ హోటలుకే వెళదాం. వాడు అడిగేదాకా సర్వరును నిలబెట్టే పని నాది.

మీ పెద్దమ్మ