తాగునీటి జబ్బులను ఆపడంలో గ్రామ పంచాయతీ చేయగలిగినది

వానాకాలంలో ఊళ్లో వాంతులు, విరేచనాలు ప్రబలినప్పుడు గ్రామ పంచాయతీ ఏం చేయగలదు, అది వైద్య ఆరోగ్య శాఖ పని కాదా అని మీరు అడిగారు. కృష్ణా డెల్టాలోని ఒక గ్రామంలో ఐదేళ్లు వార్డు సభ్యుడిగా ఉన్న అనుభవంతో సమాధానం రాస్తున్నాను. జబ్బు పడినవారికి వైద్యం చేసేది ఆ శాఖే అయినా, జబ్బు పుట్టే చోటు, అంటే ట్యాంకు, పైపులైను, మురుగు కాల్వ, పంచాయతీ చేతిలోనే ఉన్నాయి.

ఒక ఏడాది శ్రావణంలో మా వార్డులో నాలుగు రోజుల్లో పదకొండు మందికి విరేచనాలు పట్టుకున్నాయి. వైద్య శిబిరం పెట్టి ఓఆర్‌ఎస్ ప్యాకెట్లు పంచినా కొత్త కేసులు ఆగలేదు. ట్యాంకులో బ్లీచింగ్ కలుపుతున్నట్లు రిజిస్టరులో ప్రతిరోజూ సంతకం ఉంది. ఆశా కార్యకర్త పుస్తకంలో రాసుకున్న ఇళ్ల పేర్లు చదువుతుంటే, అవన్నీ ఒకే వీధి చివరన ఉన్నాయని, అక్కడ పైపు మురుగు కాల్వ అడుగు నుంచి వెళ్తుందని వాటర్‌మ్యాన్ చెప్పాడు. ఆ వీధి చివరి కుళాయి నీళ్లను, బ్లీచింగ్ తాలూకు క్లోరిన్ మిగిలి ఉందో లేదో రంగుతో చూపే క్లోరోస్కోపు గొట్టంలో పట్టి మందు చుక్కలు వేస్తే, పసుపు తిరగవలసిన నీళ్లు ఏ రంగూ లేకుండా ఉండిపోయాయి. తవ్వి చూసేసరికి జాయింటు దగ్గర వేలు దూరేంత పగులు కనిపించింది. నీళ్లు వదిలినప్పుడు అందులోంచి బయటికి కారేవి, ఆపగానే ఖాళీ అయిన పైపు మురుగును లోపలికి లాక్కునేది.

ఆశా కార్యకర్త, వాటర్‌మ్యాన్ ఇద్దరి దగ్గరున్న సమాచారం అంతవరకు ఒకచోట చేరకపోవడమే మా అసలు లోపం. వారిద్దరినీ ఒక బల్ల ముందు కూర్చోబెట్టగలిగేది సర్పంచి, కార్యదర్శి మాత్రమే. ఆ తర్వాత ప్రతి శుక్రవారం ఏఎన్‌ఎం (ఆరోగ్య శాఖ తరఫున ఊళ్లో పనిచేసే నర్సు), ఆశా, వాటర్‌మ్యాన్ పంచాయతీ కార్యాలయంలో పావుగంట కలిసేలా ఏర్పాటు చేసి, ట్యాంకు దగ్గర కాకుండా చివరి కుళాయి దగ్గర క్లోరిన్ కొలిచి రాయించాము. అక్కడ లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలి. మూత తెరిచి ఉంచిన బస్తాలో బ్లీచింగ్ సత్తువ పోతుంది కాబట్టి, 60,000 లీటర్ల ట్యాంకుకు లెక్కప్రకారం పావుకిలో వేసినా ఫలితం ఉండకపోవచ్చు.

డబ్బు లేదనే మాటను నేను పూర్తిగా ఒప్పుకోను. 2021-26 కాలానికి 15వ ఆర్థిక సంఘం గ్రామాలకిచ్చిన నిధుల్లో 60 శాతాన్ని తాగునీటికి, పారిశుద్ధ్యానికే కేటాయించింది. అయితే అధికారం విషయంలో లోటు నిజంగానే ఉంది. 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగినవిగా చెప్పిన 29 అంశాల్లో ఆరోగ్యం కూడా ఉంది. కేరళలో 1990ల్లోనే ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలను గ్రామ పంచాయతీల కిందికి తెచ్చారు. మా ఊళ్లో మాత్రం ఏఎన్‌ఎం శుక్రవారం సమావేశానికి రావడం ఆమె మంచితనం మీదే ఆధారపడింది, ఆమెకు బదిలీ అయ్యాక రెండు నెలలు ఆ సమావేశమే జరగలేదు. దీన్ని మార్చాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

మీ ఊళ్లో వచ్చే గ్రామసభలో ముందుగా చివరి కుళాయి దగ్గర క్లోరిన్ కొలిచిన రిజిస్టరు చూపించమని అడగండి. అలాంటిది లేకపోతే, దాన్ని ప్రారంభించాలని అక్కడే తీర్మానం రాయించండి.