ఓట్లేసి గెలిపించిన నాయకుడి వల్లే ప్రజాస్వామ్యానికి ముప్పు ఎలా వస్తుంది?

జనమే గెలిపించాక ఆయన మాటే జనం మాట కదా అని మీరు అడిగారు. ఒకప్పుడు నేనూ అలాగే అనుకునేవాణ్ణి.

మాది ఒడిశాలో రాయగడ జిల్లా, గుణుపూర్ వైపు ఒక పల్లె. ఇంట్లో తెలుగు, బయట ఒడియా. ఇక్కడ ఊరి ఓటర్లంతా కూర్చుని తీర్మానాలు చేసే సభని పల్లిసభ అంటారు. కొన్నేళ్ళ కిందట ఒక సాయంత్రం, మా వైపు జనం దేవుడిలా చూసే ఒక నాయకుడి మనిషి ఆ సభ రిజిస్టరు పట్టుకుని ఇంటికే వచ్చాడు. పేజీలో పై సగం ఖాళీ. కింద మాత్రం అప్పటికే ఇరవై దాకా సంతకాలు, వేలిముద్రలు.

"పైన ఏమీ రాయలేదేం బాబూ?" అంది అమ్మ.

"తర్వాత రాస్తారు పిన్నీ. ఆయన మనకి అన్యాయం చేస్తాడా?"

అమ్మ సంతకం పెట్టింది. నేనూ పెట్టాను. వానలు వెళ్ళాక చెరువు పక్కన పశువులు మేసే బీడుకి కంచె పడింది. ఇదేమిటని అడిగితే, ఊరంతా ఒప్పుకున్నారు కదా అని మా సంతకాలే మాకు చూపించారు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

ఇలాంటి నాయకులు చాలాసార్లు ఎన్నికలు ఆపరు. జనం అంటే నేనే అంటారు. ఇక జనం కూర్చోవడం, అడగడం, కాదనడం అనవసరం అయిపోతుంది. కోర్టు కాదంటే కోర్టే జనానికి శత్రువు. వెనెజులాలో హ్యూగో చావెజ్ 1998లో ఓట్లతోనే గెలిచి అధ్యక్షుడయ్యాడు. 2004లో సుప్రీంకోర్టు జడ్జీల సంఖ్యని 20 నుంచి 32కి పెంచి, తన వైపు వాళ్ళతో నింపుకున్నాడు. మన దగ్గర 1975లో రాజ్యాంగానికి 39వ సవరణ తెచ్చి ప్రధాని ఎన్నిక మీద కోర్టులకి మాట లేకుండా చేశారు. సుప్రీంకోర్టు ఆ భాగాన్ని అదే ఏడాది కొట్టేసింది కాబట్టి సరిపోయింది. రాజకీయాల్లో భక్తి చివరికి నియంతృత్వానికి దారితీస్తుందని అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. "ఆయన మనకి అన్యాయం చేస్తాడా" అన్న మాట గుర్తొచ్చినప్పుడల్లా నాకు ఆ హెచ్చరికే గుర్తొస్తుంది.

సభ నిజంగా జరిగితే ఏమవుతుందో కూడా మా జిల్లాలోనే చూశాం. నియమగిరి కొండల్లో బాక్సైట్ గని కోసం రాష్ట్ర ప్రభుత్వ సంస్థే సుప్రీంకోర్టుకి వెళ్ళింది. ఊళ్ళనే అడగమని 2013 ఏప్రిల్‌లో కోర్టు చెప్పింది. రాయగడ, కలహండి జిల్లాల్లో 12 ఊళ్ళలో, జడ్జి ఎదుట సభలు పెట్టారు. ఆ కొండల్లో ఉండే ఆదివాసీలు, డొంగ్రియా కొంధులు, ఒక్కొక్కరే లేచి మాట్లాడారు. 12 ఊళ్ళూ వద్దన్నాయి. గని రాలేదు. ఓట్లతో గెలిచిన ప్రభుత్వం ఒకటి కోరుకుంటే, అదే జనం ఇంకోటి చెప్పారు. అలా చెప్పడానికి వాళ్ళకి ఒక చోటు ఉంది.

ఈమధ్య పల్లిసభకి నేనూ అమ్మా వెళ్ళాం. పట్టుమని ముప్పై మంది లేరు. తీర్మానం ఒడియాలో చదివారు. తెలుగులో కూడా ఒకసారి చెప్పమని అమ్మ లేచి అడిగింది. చెప్పించుకుని, పేజీ పైనుంచి కింద దాకా చూసి, అప్పుడు సంతకం పెట్టింది.